ఒక్క సాలు దున్నిన చెయ్యి

ఆ ఉదయం సముద్రం మీదినుంచి నల్లమబ్బు లేచి, చినుకు రాల్చకుండా ఇందుకూరుపేట పొలాల నెత్తిన వేలాడుతున్నది. తలుపు చాటున ఆదిశేషమ్మ భర్త ముత్యాలయ్య చొక్కాకు బొత్తాలు పెడుతున్నది.

"బిన్నా కానీ," అని తొందరపెట్టాడతను. "ఎవురన్నా చూస్తారు."

"చూస్తే ఏంది? కట్టుకున్న మొగుడికే గదా!"

ఏడాది కిందట రైసుమిల్లు బెల్టులో పడి అతని కుడిచెయ్యి చచ్చుబడింది. వేళ్లయిదూ ఉన్నాయి, పట్టు లేదు. నష్టపరిహారానికి అర్జీ పెడితే, విచారించడానికి ఆఫీసరు ఊరికి వచ్చాడు. జనం మూగారు. బావమరిది రంగనాయకులు పళ్లికిలించాడు.

"ఏం బావా, మిల్లు డబ్బు కోసరం మంచం పట్టినావంట! అక్క కూలికి పోతే కూకోని తింటా ఉండావే!"

అయ్యలారా, మన పల్లెల్లో సేద్యగాణ్ణి ఏమన్నా పడతాడు. దున్నలేడంటే మాత్రం పడలేడు. ముత్యాలయ్య ఇంట్లోకి పోయి, కండువా కప్పుకొని అరక తోలుకొచ్చి, అందరి ఎదుటా ఒక్క సాలు దున్ని చూపించాడు. జనం ఈలలు వేశారు. ఆఫీసరు 'పని చేయగలడు' అని రాసుకొని పోయాడు. అర్జీ కొట్టివేశారు. మళ్లీ విచారించమని పై కోర్టు అనబట్టి ఈనాడు నెల్లూరు ప్రయాణం.

"దున్నావా, లేదా?" కోర్టు బోనులో నిలబడిన ముత్యాలయ్యను అడిగాడు మిల్లు వకీలు.

"దున్నినాను."

"ఈ చేత్తోనేనా?"

ముత్యాలయ్య తల వాల్చాడు. వెనక బల్లమీద ఊరివాళ్లు, వాళ్ల నడుమ రంగనాయకులు. ఔనంటే పరువు దక్కుతుంది, బతుకు పోతుంది. గోడవారన నిలబడిన ఆదిశేషమ్మ పాదాల మీద అతని చూపు పడింది. పరాయి మళ్లలో నాట్లు వేసి వేసి వేళ్ల సందులు ఒరిసి పుండ్లయి ఉన్నాయి.

"చేత్తో కాదు దొరా. చెయ్యిని ఇంటికాడే నాగలి మేడికేసి తువ్వాలతో బిగించి కట్టమని మా ఆడదాని కాళ్లా వేళ్లా పడినా. కట్టు కనపడకుండా పైన కండువా కప్పినా. నా పంచె గూడా ఆమే కట్టాల."

"ఎందుకు చేశావు ఆ పని?" అన్నారు జడ్జీగారు.

"సిగ్గేసింది దొరా. నలుగురిలో చాతగాదని ఎట్ట చెప్పేది?"

జడ్జీగారు మిల్లు పరిహారం ఇవ్వవలసిందేనని చెప్పి, వెనక బల్లవైపు చూశారు.

"పనిలో చెయ్యి పోయినవాడు అడిగేది ముష్టి కాదు, హక్కు. అతని నోరు కట్టేసింది మీ ఎగతాళి. దానికి చట్టంలో శిక్ష లేదు. సిగ్గుపడవలసింది అతను కాదు, మీరు."

కోర్టు వెనక ఆదిశేషమ్మ సద్దిమూట విప్పింది. దూరంగా నిలబడిన తమ్ముణ్ణి చూసి, "రారా" అంది. రంగనాయకులు వచ్చి కూర్చున్నాడు. పరాయి కళ్ల ముందు ముత్యాలయ్య మొదటిసారి ఎడంచేత్తో ముద్ద ఎత్తాడు. రంగనాయకులు తల ఎత్తలేదు. ముగ్గురూ ఆ సద్దే పంచుకొని తిన్నారు.