నీళ్ళలో ఉన్నంతసేపే

మరో కెటిల్ వేడినీళ్ళు తొట్టిలో కుమ్మరించి, మోచేయి ముంచి చూసింది ఫెబా. ఇంకా చల్లగానే ఉన్నాయి. హాలు వెనక వంటగదిలో ఉన్నది ఒకటే కెటిల్. అది మరిగేలోగా వెళ్ళి కుర్చీలు వేస్తోంది, మరిగాక వచ్చి నీళ్ళు మోస్తోంది. పొద్దుట్నుంచీ ఇదే పని. సల్వారు మోకాళ్ళదాకా తడిసిపోయింది. పైన వేసుకున్న స్వెట్టరు రోజమ్మ ఆంటీ ఇచ్చింది, చేతులు పొడుగై మాటిమాటికీ నీళ్ళలో పడుతున్నాయి.

తొట్టి అంటే వేసవిలో పిల్లలు పెరట్లో ఆడుకునే రబ్బరు తొట్టే. గాలి కొడితే నడుంలోతు వస్తుంది. నార్తాంప్టన్‌లో ఏరు లేక కాదు. మార్చి నెలలో ఆ ఏట్లో మనిషిని ముంచితే పరలోకం ఆ పూటే ప్రాప్తిస్తుందని పెద్దలు ఈ ఏర్పాటు చేశారు. ఆదివారాలు స్కౌట్ పిల్లల హాలు అద్దెకి తీసుకుని కూడుకునే తెలుగు సహవాసం అది. అందులో నర్సులున్నారు, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళున్నారు. ఫెబా అనే మిషనరీ ఉంది.

మిషనరీ అనగానే ఎవరికైనా ఓ రూపం తోస్తుంది కదా, ఫెబా అలా ఉండదు. నరసాపురం దగ్గర పల్లెటూరి పిల్ల, పాతికేళ్ళు దాటాయి. గొంతు బాగుండదు కాబట్టి పాట పాడమని ఎవరూ అడగరు. ప్రార్థన చేస్తే మధ్యలో తడబడుతుంది. ఆమెకున్న గొప్పంతా స్పానిష్ రావడం. హైదరాబాద్‌లో కాల్ సెంటర్లో కూర్చుని, పార్సెల్ రాలేదని స్పెయిన్‌నుంచి తిట్టేవాళ్ళని సముదాయించడం కోసం నేర్చుకుంది. ఆ భాషలో ఆమెకి బాగా వచ్చినవి క్షమాపణలే.

సహవాసం పెద్ద ప్రేమ్‌నాథ్ అంకుల్ ఒక కేర్ హోముకి మేనేజరు. అక్కడ తుడిచేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు చాలామంది ఈక్వడార్, బొలీవియా మనుషులు. స్పెయిన్‌లో కొన్నేళ్ళుండి, అక్కడ పనులు పోయాక ఇటొచ్చి చేరారు. వీళ్ళ మధ్య సేవ చెయ్యమని దేవుడు తనతో మాట్లాడాడని ఆయన ఒక ఆదివారం నిలబడి చెప్పాడు. దేవుడు ఆయనతో మాట్లాడాడు గానీ స్పానిష్ మాత్రం నేర్పలేదు. అందుకని ఫెబాని పిలిపించారు. రంగులోనూ పొట్టిగా ఉండడంలోనూ ఆమె వాళ్ళలో కలిసిపోతుందని కూడా ఆయన ఊహించాడు. అది మాత్రం నిజమే అయింది. మొదటి నెల్లో చాలామంది ఆమెని మీది ఈక్వడార్‌లో ఏ ఊరని అడిగారు.

ఫెబా ఉండే ఇల్లు రోజమ్మ ఆంటీది. మెట్ల పక్కన పెట్టెగదిలో మంచం పట్టింది, ఫెబా పట్టింది, సూట్‌కేసు పట్టలేదు. ఆంటీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తుంది, మంచి మనిషి. ఆంటీ నిద్రపోయేటప్పుడు వంటా, పిల్ల జెస్లిన్‌ని బడికి దింపి తీసుకురావడమూ ఫెబా చేస్తుంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. మిగిలిన వేళల్లో బస్సెక్కి, ఫ్లాట్ల మెట్లెక్కి తలుపులు తడుతుంది. ఆ తలుపుల వెనక మనుషులు ఆమెకి కాఫీ ఇచ్చారు, సూప్ పోశారు, దేశంలో ఉన్న పిల్లల ఫొటోలు చూపించి ఏడ్చారు, వెళ్ళేటప్పుడు బుగ్గమీద ముద్దుపెట్టారు. ఒక్కరూ మారలేదు. రెండేళ్ళ వీసా మే నెలతో అయిపోతుంది. ఒక్క ఆత్మ కూడా రాని పొలంలో ఇంకెన్నాళ్ళు విత్తుతామని పెద్దల కూటంలో మాట వచ్చింది. ఈ ఆదివారం బాప్తిస్మం జరిగితే వీసా పొడిగింపుకి సంతకం పెడతాననీ, లేకపోతే దేవుడి చిత్తం వేరే ఉందనుకోవాలనీ ప్రేమ్‌నాథ్ అంకుల్ మెల్లగా, బాధపడుతూనే చెప్పాడు.

ఇంటికి పోతే ఏముంది? మళ్ళీ ఆ హెడ్‌ఫోన్లు, మళ్ళీ పార్సెళ్ళు. సేవకెళ్ళి ఉత్తచేతుల్తో వచ్చిందని చుట్టాలు అనే మాటలు. అదీ కాదు అసలు బాధ. ఈ ఊళ్ళో ఆమె తిన్నదో లేదో అడిగే ఇల్లు ఒక్కటుంది. అది ఎల్వీరా ఇల్లు. దాన్ని వదిలి వెళ్ళడం ఫెబాకి ఇష్టం లేదు.

ఎల్వీరా ఈక్వడార్ మనిషి, అరవై దాటింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బ్లీచింగు నీళ్ళకి చేతులు పగిలి గీతలు పడ్డాయి. సాయంత్రాలు ఆఫీసులు ఊడ్చి తుడుస్తుంది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ఫెబాని ఎర్మనీత అంటుంది, చెల్లెమ్మా అన్నట్టు. వారం వారం ఫెబా చదివే వాక్యం విని, ఉప్పువేసి ఉడికించిన అరటికాయ ముక్కలు ముందుపెట్టి, ఓ రోజు తనంతట తనే అడిగింది. మీ నీళ్ళలో మునిగితే నువ్వు సంతోషిస్తావా, అని. ఫెబా ఆ ప్రశ్నని పెద్దలకి వేరేగా చెప్పింది. ఆమె రక్షణ కోరుతోందని చెప్పింది.

చిక్కల్లా దుద్దుల దగ్గర వచ్చింది. శనగగింజంత బంగారపు దుద్దులు, పువ్వు చెక్కడం అరిగిపోయి నున్నగా ఉంటాయి. ఎల్వీరా పుట్టిన వారానికే తల్లి చెవులు కుట్టించి పెట్టింది. అప్పట్నుంచీ తియ్యలేదు. కడుపు ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు కూడా నర్సుతో పోట్లాడి పైన ప్లాస్టరు వేయించుకుంది గానీ తియ్యనివ్వలేదు. ఫెబా సంఘంలో బంగారం ఒంటిమీద ఉంచుకుని ఎవరూ నీళ్ళలోకి దిగరు, దిగాక మళ్ళీ పెట్టుకోరు. నరసాపురం దగ్గర గోదావరి కాలవ ఒడ్డున పెద్దపెద్దవాళ్ళు గాజులు కూడా చితక్కొట్టుకుని దిగడం చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. తీసేసిన నగలు చాలామంది అక్కడికక్కడే కానుక సంచిలో వేసేస్తారు. ఎందుకని అడగాలని కూడా ఎవరికీ తోచదు.

ఎల్వీరాకి తోచింది. ఎక్కడ రాసుందో చూపించమంది. ఫెబా పుస్తకమంతా తిప్పి, అటూ ఇటూ రెండు మాటలు చదివింది. ఎల్వీరా ముఖంలో ఒప్పుకోలు కనపడలేదు. అప్పుడు ఫెబా అంది, నీళ్ళలో ఉన్నంతసేపే, అని. తర్వాత నీవి నీకిస్తాను. మళ్ళీ పెట్టుకోవద్దని మెల్లగా నచ్చజెప్పొచ్చులే అనుకుంది. చెప్పేటప్పుడే అది అబద్ధమని ఆమెకి తెలుసు. తెలిసే చెప్పింది.

ఆరాధన మొదలయ్యేవేళకి ఎల్వీరా వచ్చింది, జుట్టు గట్టిగా దువ్వి, చంకన తువ్వాలు పెట్టుకుని. వంటగదిలో ఫెబా సబ్బు రాసి దుద్దుల శీలలు తిప్పింది. అరవయ్యేళ్ళు కదలనివి, అంత తేలిగ్గా వస్తాయా? ఎల్వీరా కళ్ళు మూసుకుని సింకు అంచు పట్టుకుంది. ఎడమది వచ్చేసింది. కుడిదానికి నెత్తురొచ్చింది. రోజమ్మ ఆంటీ నైట్ డ్యూటీనుంచి నేరుగా వచ్చినా విసుక్కోకుండా దూది తడిపి ఒత్తింది. పాపం, ముసలావిడకి ఎంత నొప్పో అంటూ తల నిమిరింది. ఎల్వీరా ఆ రెండు దుద్దులూ ఫెబా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే ముడిచింది. ఫెబాకి తొట్టి దగ్గర పని ఉంది. దుద్దులు రుమాల్లో కట్టి ఆంటీ చేతికిచ్చి, ఇవి ఆవిడవి అంది. ఆ ఒక్కమాటే అంది. దాచమని అనలేదు. అనక్కర్లేదనుకుంది.

నీళ్ళు పళ్ళు టకటకలాడేంత చల్లగా ఉన్నాయి. ప్రేమ్‌నాథ్ అంకుల్ తెలుగులో అడిగాడు, ఫెబా స్పానిష్‌లో అడిగింది, ఎల్వీరా అవునంది. ముంచి లేపాక ఆవిడ ఊపిరి అందక, నవ్వుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. ఫెబాకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో మాత్రం ఆమె వీసా గురించి ఆలోచించలేదు.

తువ్వాలు చుట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. కానుక సంచి తిరిగి ముందుకొచ్చింది. రోజమ్మ ఆంటీ రుమాలు ప్రేమ్‌నాథ్ అంకుల్ చేతికిచ్చి, చెవిలో ఏదో చెప్పింది. ఆయన రుమాలు విప్పి, దుద్దులు అరచేతిలో పెట్టుకుని పైకెత్తాడు. ఆయన గొంతు వణికింది. నటన కాదు.

"మన చెల్లి ఉన్న బంగారమంతా ప్రభువు పాదాల దగ్గర పెట్టేసింది. పుట్టి పెరిగిన విశ్వాసుల్లో కూడా ఇది చూళ్ళేదు నేను."

హాలంతా స్తోత్రం అంది. కొందరు కళ్ళొత్తుకున్నారు. ఎల్వీరా ఆయన చేతిలోవి చూసి, తన చెవులు తడుముకుని, ఫెబా వైపు తిరిగింది. ఆయన ఏమన్నాడని అడిగింది. అందరూ ఫెబానే చూస్తున్నారు. అనువాదం కోసం ఆగారు.

"నిన్ను చూసి అందరూ దేవుణ్ణి స్తుతిస్తున్నారు," అంది ఫెబా స్పానిష్‌లో. ఎల్వీరా సంతోషంగా అందరికీ తల వంచింది. బట్టలు మార్చుకుని వెళ్ళబోతూ దుద్దులు అడిగింది. ఫెబా కాల్ సెంటర్ గొంతుతో, సాయంత్రానికల్లా నీ ఇంటికి చేరతాయంది.

భోజనాలయ్యాక, కుర్చీలు మడిచే వేళకి, ఫెబా ప్రేమ్‌నాథ్ అంకుల్ దగ్గరికెళ్ళింది. ఆవిడ ఇవ్వలేదంకుల్, దాచమని ఇచ్చిందంతే, అంది. ఆయన చేతిలోని కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. కోప్పడితే బాగుండునని ఫెబా అనుకుంది.

"మరి నేను చెప్పినప్పుడు నువ్వెందుకు ఆపలేదమ్మా?" అన్నాడు. "అందరిముందూ దేవుడికి అప్పగించేశాం. ఇప్పుడు కాదంటే ఆవిడ బాప్తిస్మమే ప్రశ్న అవుద్ది. నువ్వేం బోధించావని నిన్నడుగుతారు, నన్నడగరు. ఆవిడకి మెల్లగా చెప్పు. నువ్వు చెప్తే వింటది." వచ్చేవారం లీసెస్టర్ కూటంలో ఆ దుద్దులు చూపించి సాక్ష్యం చెబుతానన్నాడు. రేపు తన ఫ్లాట్‌కి వస్తే వీసా కాగితాలమీద సంతకం చేస్తానన్నాడు. ఫెబా సరేనంకుల్ అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి బస్టాపు దగ్గరికొచ్చాక బోధపడింది. అప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది.

తొట్టి ఖాళీ చేసి, గాలి తీసి, చుట్టగా చుట్టి, జెస్లిన్‌ని ఇంటి దగ్గర దింపి, బస్సెక్కేసరికి సాయంత్రమైంది. బస్సులో ఆమె స్పానిష్ వాక్యాలు కూడబలుక్కుంది. ఏ వాక్యమూ చివరిదాకా నిలబడలేదు.

ఎల్వీరా పనికి వెళ్ళడానికి తయారై ఉంది. నీలం రంగు ఏప్రన్ మీద కోటు వేసుకుంటోంది. ఫెబాని లోపలికి లాగి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, తిన్నావా అనడిగి, కాఫీ పోసింది. తలదువ్వి వెనక్కి కట్టుకుంది కాబట్టి చెవులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండు చెవుల బెజ్జాల్లోనూ తెల్లదారం ముక్కలు దూర్చి, చిన్న ముడులేసి ఉన్నాయి. కుట్టుమిషన్ దారం. దుద్దులొచ్చేలోపు బెజ్జాలు పూడిపోకుండా. నరసాపురంలో అయితే చీపురుపుల్ల విరిచి పెడతారు. ఫెబా బాప్తిస్మం తీసుకున్న వారం, రాత్రుళ్ళు ఆమె నిద్రపోతుండగా నాయనమ్మ వచ్చి చెవులకి పుల్లలు పెట్టేది. ఫెబా పొద్దున్నే లేచి వాటిని పీకి పారేసేది, భక్తితో.

కాఫీ ముట్టుకోకుండా ఫెబా చెప్పింది. వాళ్ళు కానుక అనుకున్నారంది. ఆయన ఏమన్నాడో చెప్పింది. తను దాన్ని మార్చి చెప్పానంది. నీళ్ళలో ఉన్నంతసేపే అన్నమాట కూడా నిజం కాదంది. క్షమించమని మాత్రం అనలేదు. ఆ మాట ఆ భాషలో ఆమె ఎన్ని వేలసార్లు అందో, ఇప్పుడు నోరు రాలేదు.

ఎల్వీరా నిలబడే వింది. కోటు బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకుంది.

"అడిగితే ఇచ్చేదాన్ని," అంది. ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా అంది. "ఆ హాల్లో నాకు అర్థమయ్యేది నువ్వొక్కదానివే."

షిఫ్టుకి టైమైందనీ, కాఫీ తాగి, తలుపు లాగేసి వెళ్ళమనీ, ఇక తనకోసం బస్సెక్కి రావద్దనీ ఎల్వీరా చెప్పింది. ఎర్మనీత అనలేదు. అద్దం దగ్గర ఆగి, కుడి చెవి ముడి విప్పింది, ఎడమ చెవి ముడి విప్పింది. సంచి భుజాన వేసుకుని బయటికెళ్ళింది. మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు కిందిదాకా వినిపించి ఆగిపోయింది.

ఫెబా ఇక్కడే ఉంటుంది. రేపు సంతకం అవుతుంది, ఇంకో రెండేళ్ళు తలుపులు తడుతుంది. బల్లమీద కాఫీ కప్పు పక్కన రెండు తెల్లదారం ముక్కలు పడున్నాయి, ముడి విప్పినా వంపు పోకుండా, ఒకదాని కొసన కాస్త ఎరుపు అంటుకుని.