మాఫీ ముష్కిల్

తహెరున్నీసా కోపం జగిత్యాలలో వాడకట్టంతటికీ తెలుసు. ముద్దు మాటలకు ఆమెకు ఉర్దూ కావాలి. తిట్టడానికి మాత్రం తెలుగే నోటికొస్తుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, ఐన్ ఖాలిద్‌లోని కొడుకు ఇంట్లో ఆమె ఇంకా ఉర్దూలోనే ఉంది. కడుపునిండా హమూర్ చేప పులుసు తిని, కోడలు మరీహా తెచ్చిన సులేమానీ చాయ్ తాగుతోంది.

"నా డ్యూటీ ఏందో చూస్తవా అమ్మీ? ఇంక ఎవ్వరికి చూపలే, ముందు నీకే," అంటూ కొడుకు తల్హా ఆమె కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించాడు.

వాడి పని గురించి ఆమెకు తెలిసింది ఇంతే. కంపెనీ వాళ్ళు సముద్రం అడుగును వీడియో తీసి ఈ పెట్టెలో పెట్టి, జనాన్ని కుర్చీలోనే ముంచి తేలుస్తారట. తల్హాది కంప్యూటర్ ముందు కూర్చునే పనట. "నీళ్ళ మొహం గూడ చూడ" అని వచ్చిన నాటి నుంచీ ఫోన్లో ఒట్టేసి చెబుతున్నాడు. ఆ ఒట్టు ఆమె ఊరికే వేయించుకోలేదు. వాడి తండ్రి ముస్తఫాను ధర్మపురి దగ్గర గోదావరి మింగింది. ఒడ్డున చెప్పులే మిగిలాయి.

పెట్టెలో నీలి నీళ్ళు కదిలాయి. పగడపు దిబ్బల మీద పసుపు పట్టీల చేపలు మేస్తున్నాయి. తాబేలొకటి తీరిగ్గా ఆమె ముక్కు మీదుగా పోయింది. రాతి సందులోంచి మచ్చల హమూర్ నోరు తెరిచి చూసింది.

"యా అల్లా! ఇందాక పులుసుల ఉన్నది గిదేనా?" అంది ఉర్దూలోనే.

మరీహా పకపకా నవ్వింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బస్సెక్కినా బజారుకు పోయినా వెనక ఎవరున్నారో చూడకుండా తహెరున్నీసా ఉండలేదు. చేపల్ని వదిలి వెనక్కి తిరిగింది. ఆ వీడియోలో వెనక కూడా సముద్రమే మరి. పొట్టి చేతుల నల్ల డ్రెస్సులో ఒక మనిషి కెమెరా కర్ర పట్టుకుని ఈదుతున్నాడు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం. మోచేతికి పైన ఆకుపచ్చ గుడ్డ, దానికి ఎర్రదారం కుట్టు.

ఆకుపచ్చ దారం అయిపోతే ఎర్రదారంతో కుట్టింది తనే. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ ఇమామ్ జామిన్ వాడి చేతికి కట్టిందీ తనే. ప్రయాణం పోయేవాడికి కడతారు. క్షేమంగా చేరాక విప్పి, అందులోని నాణెం బీదవాడికిస్తారు. "దిగంగనే ఇప్పిన, గరీబోనికిచ్చిన" అని తల్హా ఆ రోజే ఫోన్లో చెప్పాడు.

పెట్టె ఊడబీకి సోఫా మీదికి విసిరింది.

"నీ నోట్ల మన్నువడ! నీళ్ళ మొహం చూడనంటివి! మరి గా కెమెరాను చేపలు మోసినయారా?"

తల్హా సోఫా మీంచి హెడ్‌సెట్ అందుకున్నాడు. "అది... ఫైనల్ కాపీల నన్ను చెరిపేస్తరు అమ్మీ. ఇంక చెరపలే..."

"నిన్ను చెరిపేస్తరా?" అంది ఆమె. "మీ అబ్బ చెరిగిపోయింది సాలదా నాకు!"

మరీహా చాయ్ గ్లాసులు తీసుకుని మెల్లగా వంటింట్లోకి జారుకుంది.

"ఓహో, నీకు గూడ ఎరుకేనన్నమాట!" అని కోడలి వెనక కేకేసింది.

కంగారులో తల్హాకు గల్ఫ్ అలవాటు మాట వచ్చేసింది. "మాఫీ ముష్కిల్, అమ్మీ, మాఫీ ముష్కిల్!"

"ఏమన్నవ్? మాఫీ కష్టమంటవా? అవ్, ముష్కిలే! నేను సచ్చేదాక నీకు మాఫీ లేదు!"

"అట్ల కాదమ్మీ! ఈడి అరబ్బీల మాఫీ అంటే లేదు అని. ముష్కిల్ ఏం లేదు, ఫికర్ లేదు అంటున్న."

"ఫికర్ లేనిది నీకు! నాకు లేదా?"

తల్హా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. గుడ్డ ఉప్పునీళ్ళకు వెలిసిపోయి, అంచులు పీలికలై, ఇంకా అక్కడే ఉంది.

"దీన్ని ఇప్పనేలేదు. నీళ్ళల్ల దిగినప్పుడల్లా ఇది తోడున్నది. ఎల్లుండి మల్ల దిగాలె. అబద్ధమాడిన, తప్పే. గంత కోపమైతే నువ్వే ఇప్పెయ్."

"ఇప్పననుకున్నవా!"

ముడిలోకి గోరు దూర్చింది. ఉప్పుకు బిగిసిన ముడి కొంచెం కదిలింది. అప్పుడు వేళ్ళు ఆగాయి. ఇది విప్పితే వీడు మానతాడా? మానడు. ఉత్త చేత్తో పోతాడు. ఆ ఆలోచనకు ఒళ్ళు మండి, కొడుకు భుజం మీద ఫట్మని ఒకటి చరిచింది.

"చేరినోనిది ఇప్పుతరు. నువ్వేడ చేరినవ్‌రా?"

కొంగు అంచు పళ్ళతో పట్టి చించింది. పాత ముడి మీదుగా ఆ పీలిక చుట్టి, వాడు అబ్బా అనేదాకా బిగించింది. పెదాలు దువా చదువుతున్నాయి. నడుమ నడుమ తెలుగులో తిట్లు పడుతున్నాయి.

"మాఫీ ముష్కిల్," అంది ఆఖరికి.

తల్హా భయం భయంగా అడిగాడు. "అరబ్బీల అన్నవా అమ్మీ, మన మాటల అన్నవా?"

"చెయ్యి కదిపితే పండ్లు రాలగొడ్త," అంది తహెరున్నీసా, ఇంకో ముడి వేస్తూ.