పటేలు మీద అలిగిన తోవ

ఆదివారం పొద్దున లక్ష్మయ్య సైకిల్ షాపు ముందు కార్లు ఆగుతాయి. మామూలు రోజుల్లో మెదక్‌లో ఆ షాపుకి వచ్చేది పంక్చర్ల వాళ్లే. ఆదివారం మాత్రం హైదరాబాద్ వాళ్లు తూప్రాన్ మీదుగా వచ్చి, లావు టైర్ల సైకిళ్లు కిరాయికి తీసుకుని, చేన్ల నడుమ మొరం తోవల్లో తిరిగి, ఎండ ముదిరేసరికి వెళ్లిపోతారు. వాళ్లను వెంటబెట్టుకుని తిప్పేది లక్ష్మయ్య కూతురు కావ్య. మొరం మీదికి పోయేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గించాలని, ఇసుకలో బ్రేకు నొక్కకూడదని ప్రతివారం కొత్తగా చెప్తుంది. ప్రతివారం ఎవరో ఒకరు నొక్కి పడతారు.

ఈ పిచ్చి ఆమెకు ఫోన్‌లో పట్టుకుంది. ఫ్రాన్స్ పల్లెల్లో గోధుమ చేన్ల మధ్య, పాత రాతి ఇళ్ల పక్క నుంచి మొరం తోవల మీద సైకిళ్లు తొక్కేవాళ్ల వీడియోలు చూసి చూసి, ఇదే కదా మా పొలం తోవ అనుకుంది.

"ఆడ చేన్ల నడిమి తోవ ఊరందరిదట బాపూ," అంది ఒకసారి.

"మన దగ్గర మాత్రం ఒక్కలదా ఏందే," అన్నాడు లక్ష్మయ్య గాలి కొడుతూ.

ఎంత అమాయకంగా అన్నాడో! రామాయంపేట రోడ్డు నుంచి చీలి, అమరేందర్ పటేలు భూమి పక్కగా వెళ్లి, లక్ష్మయ్య భార్య కిష్టవ్వ సాగు చేసే రెండెకరాల దగ్గర ఆగే బండ్ల తోవ అది. ఒకప్పుడు రెండు ఎడ్లబండ్లు ఎదురైతే ఒకదాన్నొకటి రాసుకోకుండా పోయేవి. అమరేందర్ ట్రాక్టరు ఏటా దుక్కి దున్నేటప్పుడు తోవలోంచి ఒక సాలు కలిపేసుకునేది. ఒక సాలే కదా అనుకున్నారు అందరూ. మర్నాడు కరెంటు పోతే ఫోన్ చేసేది ఆయనే, దవాఖానలో మంచం ఇప్పించేది ఆయనే, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారు. ఒక సాలే కదా అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. అట్లా తినగా తినగా తోవ ఒక ట్రాక్టరు పట్టేంత మిగిలింది.

ఆ తట్టు తోవలు అలుగుతాయి. కిష్టవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో, నీళ్ల వంతు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఇదే తోవ మీద గొడ్డళ్లు ఎత్తుకుంటే, తోవ లేచి వెళ్లి గుట్ట అవతల పడుకుంది. అలిగిన అల్లుడిని తెచ్చినట్టే తెచ్చుకోవాలి. డప్పుతో వెళ్లి, తెల్లబట్ట పరిచి, కల్లు పోసి, తప్పు చేసినవాడు నోరు తెరిచి "తప్పయింది, రా" అనాలి. అన్నదమ్ములిద్దరూ అన్నారు, తోవ వచ్చింది. తోవ అలిగిందంటే ఎటు పోయిందని అడుగుతారు తప్ప ఇంకేమీ అడగరు.

ఈ ఏడు అమరేందర్ దున్నడం మానేసి ప్లాట్లు చేశాడు. పెద్ద రోడ్డు మీద హోర్డింగు లేచింది. 'ఫ్రాన్స్ పల్లె అనుభూతి, మీ సొంత గ్రావెల్ ట్రాక్‌తో.' బొమ్మలో ఎవరో తెల్ల దొరసాని సైకిల్ మీద నవ్వుతోంది, ఆమె కింద ఉన్నది కిష్టవ్వ పొలం తోవ. దాని మీద లారీల కొద్దీ ఎర్ర మొరం పోయించి, రాతి కడీలు పాతి, కంచె బిగించి, గేటుకు తాళం వేశాడు.

అవతల కిష్టవ్వ వరి కోతకొచ్చి బంగారంలా ఉంది. తుఫానని టీవీలో చెప్తున్నారు. రామాయంపేట నుంచి కిరాయి డ్రైవరు మోషే కోత మిషను తెచ్చి గేటు ముందు ఆపాడు. ఇంకో దిక్కు నుంచి పోదామంటే చెరువు నిండి అంతా బురద. ఆ సాయంత్రానికి కోత కాకపోతే వరి నేలకు పడుతుంది, ఏడాది తిండి పోతుంది, ఆ తర్వాత పొలం కూడా అమరేందర్‌కే పోతుంది. అది అందరికీ తెలుసు, అమరేందర్‌కు ఇంకా బాగా తెలుసు.

కిష్టవ్వ, లక్ష్మయ్య, కావ్య ముగ్గురూ వెళ్లారు. అమరేందర్ ప్లాట్ల దగ్గర రేకుల షెడ్డులో కూర్చుని ఉన్నాడు. లక్ష్మయ్య చెప్పులు బయటే విడిచి గుమ్మంలో నిలబడిపోయాడు.

"పటేలా, మిషనును జర లోపటికి పోనియ్యుండ్రి. మాపటీలి వరకు కోసుకొని పోతం," అంది కిష్టవ్వ.

"గా చైన్ల మిషను పోతే ట్రాక్ ఖరాబైతది కిష్టవ్వా. ఎల్లుండి ఓపెనింగ్, పెద్దోళ్లు వస్తున్నరు."

"ఎల్లుండి దాంక వడ్లు ఆగుతయా? మబ్బు జూడుండ్రి!"

"మబ్బు నేను తెచ్చిన్నా?" నవ్వాడు. "ఎన్నడిసంది అడుగుతున్న, అమ్మెయ్యరాదు. తోవ లేని పొలం ఎందుకు నీకు?"

"తోవ లేకుంట జేసింది ఎవరు సార్?" అంది కావ్య.

అమరేందర్‌కు కోపం కూడా రాలేదు. అదే ఎక్కువ మండించింది ఆమెను.

"మస్తు హుషారున్నవు బిడ్డా. ఎల్లుండి రైడ్‌ల నువ్వే ముంగట ఉండు. నెల జీతం ఇస్త. మీ బాపు ఎన్నొద్దులని పంక్చర్లేస్తడు?"

కావ్యకు చెవులు వేడెక్కాయి. తాను పుట్టి పెరిగిన తోవలో తననే జీతానికి పెట్టుకుంటాడట! గుమ్మంలోంచి లక్ష్మయ్య, "పటేలా, జర ఆలోచన జెయ్యుండ్రి," అన్నాడు, బిచ్చమడిగే గొంతుతో. ఆ గొంతు విన్నాక కావ్యకు అమరేందర్ కంటే తండ్రి మీదే ఎక్కువ కోపమొచ్చింది.

కిష్టవ్వ బయటికి నడిచింది. గేటు దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని, అరచేత్తో తోవను ఒక్కటి చరిచింది.

"ఏమే, నీకు రోషం లేదా? ఏటేటా ఒక సాలు కోసుకుంటుంటె సప్పుడు జెయ్యకుంట పన్నవు. ఇయ్యాల నీ మీద ఎర్రమన్ను వోసి, తాళమేసి, అమ్ముకుంటుండు. అన్నదమ్ములు కొట్లాడితె అలిగినవు గద? గిప్పుడేమొచ్చింది? పటేలంటె నీకు గూడ భయమేనా?"

తోవ కదలలేదు. చుట్టుపక్కల పొలాల వాళ్లు గుమిగూడారు. కిష్టవ్వ లేచి వాళ్ల వైపు తిరిగింది.

"మీకే లేదు రోషం, దీనికి ఏడికెల్లి వస్తది! మనల జూసే నేర్సుకున్నది సప్పుడు జెయ్యకుంట పండుడు. ట్రాక్టరు సాలు కొడుతుంటె ఒక్కలమన్న అడ్డం నిలవడితిమా? మీరు నిలవడితిరా? నేను నిలవడితినా? థూ!"

మోషే చేతిలో చాయ్ చల్లారిపోయింది.

అరుపులు విని అమరేందర్ షెడ్డులోంచి వచ్చాడు. అప్పటికే లక్ష్మయ్య గేటుకు అడ్డంగా వచ్చి నిలబడి ఉన్నాడు, సైకిల్ రిపేరు పానా పట్టుకుని. గేటు బోల్టు ఒకటి అప్పుడే ఊడి కింద పడింది.

"ఏంది లక్ష్మయ్యా, నువ్వు గూడనా?"

"నేను గూడ," అన్నాడు లక్ష్మయ్య. రెండో బోల్టుకు పానా పెట్టాడు. కావ్య వెళ్లి పక్కన నిలబడింది. తర్వాత పొలాల వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

అప్పుడు లేచింది తోవ.

ముందు తన మీద పోసిన మొరమంతా దులిపేసుకుంది. దుమ్ము లేచి అందరూ దగ్గారు. తర్వాత కంచె కిందినుంచి జారి, అమరేందర్ ప్లాట్ల మీదుగా, నంబర్లు రాసిన రాళ్లను పక్కకు నెట్టుకుంటూ, ఐమూలగా పాకింది. పాకుతూ పాకుతూ వెడల్పయింది. ఇన్నేళ్లుగా కోల్పోయిన సాళ్లన్నీ ఒకటొకటిగా తనలో కలిపేసుకుని, రెండు బండ్లు ఎదురెదురుగా పోయేంత అయ్యి, కిష్టవ్వ వరి గట్టు దగ్గర తల పెట్టి పడుకుంది. ఇవతల తోవ లేని చోట కడీలు మాత్రం కాపలా ఉన్నాయి.

"గట్ల పోయిందా?" అంటూ మోషే చాయ్ పారబోసి మిషను ఎక్కాడు.

కోత మొదలైన కాసేపటికి సంగతి తెలిసి ప్లాట్లు కొన్నవాళ్లు కార్లలో వచ్చారు. తమ రాళ్లు వెతుక్కున్నారు, దొరకలేదు.

"ఇక్కడ ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడిగింది ఒకావిడ.

"పటేలు నోటి మాటల ఉన్నదమ్మా," అన్నారు డప్పుల వాళ్లు. అమరేందర్ వాళ్లను అప్పటికే పిలిపించాడు. పద్ధతి ఆయనకు తెలియనిది కాదు. తెల్లబట్ట పరిచాడు, కల్లు పోశాడు, తోవ నడిమధ్య నిలబడ్డాడు. ఇక ఒక్క మాటే బాకీ. దవడ కదిలింది, ఆ మాట రాలేదు. "మంచి మొరం పోయిస్త," అన్నాడు. తోవ కదల్లేదు. "తారు ఏయిస్త. లైట్లు పెట్టిస్త. నీ పేరు మీద కమాను కట్టిస్త." డప్పు ఆగింది, మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. తాత ముత్తాతల నుంచి ఆ ఇంట్లో ఎవరూ అనని మాట, ఆయన నోటికి ఎట్లా వస్తుంది? కొన్నవాళ్లు కార్లు వెనక్కి తిప్పుకున్నారు.

చినుకులు మొదలయ్యాయి. పొలంలోంచి వడ్ల ట్రాక్టరు బయల్దేరింది. డ్రైవరు పక్కన లక్ష్మయ్య, పైన వడ్ల మీద కప్పిన తాటిపత్రి గాలికి లేవకుండా ఒళ్లంతా వేసి పట్టుకుని కిష్టవ్వ, వెనక సైకిల్ మీద కావ్య. నడుమ నిలబడ్డ అమరేందర్ పక్కనుంచి పోయేంత జాగా ఉంది తోవకు ఇప్పుడు. డ్రైవరు అట్లానే పోదామని స్టీరింగు తిప్పబోయాడు.

"నడిమిట్లకెల్లే పోనియ్యి," అంది కిష్టవ్వ.

ట్రాక్టరు అమరేందర్ ముందుకు వచ్చి ఆగింది. ఆయన తల ఎత్తి చూశాడు. కాపురానికి వచ్చిననాటి నుంచి ఆమె ఆ ఇంటివాళ్లతో రాండ్రి, పోండ్రి అని తప్ప మాట్లాడి ఎరగదు.

"జరుగు పటేలా," అంది. "వడ్లు తడుస్తున్నయి."

డప్పుల వాళ్లు చూస్తున్నారు. పొలాల వాళ్లు చూస్తున్నారు. వాన జోరందుకుంది. అమరేందర్ పంచె పైకి పట్టుకుని, తోవ దిగి, బురదలోకి జరిగాడు.