మిసావో నాటిన చెట్టు

మంచు కరిగి మొదళ్లు బయటపడగానే రిత్సుకోకి గుండె ఆగినంత పనైంది. తోటలో అన్నిటికన్నా పాతదైన ఆపిల్ చెట్టుకు మోకాలి ఎత్తు వరకు, చుట్టూతా, బెరడన్నది లేదు. పొలం ఎలుకలు చలికాలమంతా తీరిగ్గా కూర్చుని కొరుక్కు తిన్నాయి. మిగతా చెట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఎందుకిలా అయిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఉత్తర జపాన్‌లోని ఈ త్సుగరు ప్రాంతపు తోటల్లో మంచు పడ్డప్పుడల్లా మొదళ్ల చుట్టూ కాళ్లతో తొక్కి గట్టి చేస్తారు, ఎలుకలు లోపల దారులు చేసుకోకుండా. రిత్సుకో ఒక్క చెట్టు వదలకుండా తొక్కింది. కానీ ఈ చెట్టుకు మాత్రం, మంచు మొదలవకముందే, ఎవరికీ చెప్పకుండా మొదలు చుట్టూ గడ్డి దట్టంగా కట్టింది. అత్తగారు మిసావో కాపురానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టు అది. ఆవిడ కిందటి ఆపిల్ కోతలప్పుడు పోయింది. కనీసం ఆవిడ చెట్టయినా వెచ్చగా ఉండనీ అనుకుంది ఈ వెర్రిమాలోకం. పైన ఎంత తొక్కితే ఏం లాభం, కింద మెత్తటి పక్క, పక్కనే తిండి. ఎలుకలకు అంతకన్నా ఏం కావాలి?

మామగారు తొమెజీ వచ్చి చూశాడు. తడి గడ్డిని కాలితో పక్కకు తోసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, రంపానికి పదును పెట్టమని కొడుక్కి చెప్పాడు. చుట్టూ బెరడు పోయిన చెట్టు బతకదని, చచ్చేదాన్ని ఉంచితే తెగులు పట్టి పక్క చెట్లకు అంటుతుందని ఆయన వాదన. రిత్సుకో భర్త షుయిచి తలూపాడు. తండ్రి మాటకు తలూపడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"కొట్టొద్దు మావయ్యా. గాయం పైనుంచి కిందకి కొమ్మలేసి అంటు కడతాను," అంది రిత్సుకో.

తొమెజీ అన్నం గిన్నె కింద పెట్టాడు. "రేవులో చేపలెండబెట్టుకునే ఇంటి పిల్లవి. నీకు అంటు కట్టడం ఎవరు నేర్పారమ్మా?"

"అత్తయ్య. చిన్న మొక్కల మీద."

"ఇది చిన్న మొక్క కాదు."

"తెలుసు. వెధవ పని చేసింది నేను, సరిచేసేదీ నేనే. ఆకులు రాలే కాలందాకా ఆగండి. అప్పటికీ బతక్కపోతే రంపం నేనే పడతా."

ముసలాయన మళ్లీ గిన్నె అందుకున్నాడు, రంపం ఊసు మాత్రం ఇక ఎత్తలేదు.

అంటుకు నిద్రలో ఉన్న కొమ్మలు కావాలి. అంటే చలికాలంలోనే కోసి మంచులో పాతిపెట్టినవి. వీళ్లు కత్తిరించిన కొమ్మలన్నీ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. పై తోట రైతు కసయి ఏటా దాచిపెడతాడని ఊరందరికీ తెలుసు. కసయి నోటి దురద కూడా ఊరందరికీ తెలుసు. రిత్సుకో ఒక సారా సీసా పట్టుకుని వెళ్లింది.

"ఎలుకలకి పక్కేసి పెట్టిన కోడలివి నువ్వేగా? దుప్పటి కూడా కప్పావా?" అన్నాడాయన.

ఆమెకు తల కొట్టేసినట్లయింది. అయినా గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. దుప్పటి మర్చిపోయానని, వచ్చే ఏడు కప్పుతానని జవాబిచ్చింది. కసయి పగలబడి నవ్వి, కొమ్మల కట్ట తీసి ఇచ్చాడు. సీసా వద్దనలేదు.

చెట్లలో రసం కదిలి, బెరడు సులువుగా విడివడే రోజుల్లో ఆమె బురదలో బోర్లా పడుకుని పని మొదలుపెట్టింది. కొమ్మ రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, ఒకటి గాయానికి దిగువ బెరడులోకి, ఇంకొకటి ఎగువ బెరడులోకి దూర్చి సన్నటి మేకులు కొట్టాలి. ఆకుల్లో తయారైన తిండి వేళ్లకు దిగడానికి ఇక అదొక్కటే దారి. మొదటి కొమ్మను తలకిందులుగా పెట్టి, తనను తానే తిట్టుకుని పీకేసింది. కత్తి జారి వేలు తెగింది. గుడ్డ చుట్టుకుని ఇంకో కొమ్మ అందుకుంది. అలా మొదలు చుట్టూ కట్టి, అతుకుల మీద వరిపొలం బురద మెత్తి గుడ్డ చుట్టేసింది.

పూతకాలం వచ్చింది. తోట మొత్తంలో విరగబూసింది ఆ చెట్టే. దారిన పోయేవాళ్లు బతికిందమ్మా అన్నారు. రిత్సుకోకి మాత్రం భయం పట్టుకుంది. కట్టిన కొమ్మల మీద ఒకటి రెండు పచ్చటి చిగుళ్లు పొడిచాయి, నిజమే, అతుకు పడుతోంది. కానీ చెట్టు నిరుడు దాచుకున్న బలమంతా పూతకు ధారపోస్తోంది. ఆ పూత కాయైతే చెట్టు మిగలదు.

ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కి పూలు తుంచడం మొదలుపెట్టింది. ఏడుపు వస్తోంది. ఏడుస్తూనే తుంచింది.

తొమెజీ వచ్చి కింద నిలబడ్డాడు. "మొత్తం తీసేస్తావా?"

"మొత్తం."

"మీ అత్త ఏడూడికి, ఆమె పటం ముందు పెట్టడానికి ఒక్క కాయైనా ఉండొద్దా?"

రిత్సుకో చెయ్యి ఆగింది. ఆ ఒక్క కాయ కోసం ఆయన ఎంతగా ఎదురుచూస్తున్నాడో ఆమెకు తెలుసు.

"ఈ ఏడు ఉండదు మావయ్యా. ఒక్కటి ఉంచితే ఇంకోటి ఉంచబుద్ధేస్తుంది," అని మళ్లీ తుంచింది.

ఆయన వంగి, కింద పడ్డ పూలగుత్తి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నాటాక మొదటిసారి పూసినప్పుడు కూడా ఇంతే. రెండు పూలు ఉంచమని నేను బతిమాలాను. చెట్టు కావాలా కాయ కావాలా అని నా మీద కేకలేసింది మీ అత్త."

వెళ్లి తన నిచ్చెన తెచ్చుకుని అటువైపు ఆనించాడు. పై కొమ్మలు నీకు అందవులే అంటూ మెల్లగా ఎక్కాడు. కొసకొమ్మ మీది ఆఖరి గుత్తిని కాసేపు చేతిలో పట్టుకుని, ఆయనే తుంచేశాడు.