లోపల ఎవరు?

రెండేళ్లుగా మా మంచం కింద ఉన్న సూట్‌కేసు సర్దింది సర్దినట్టే ఉంది. నేను తెరవలేదు, ఇంకొకరిని తెరవనివ్వలేదు. ఊడ్చేటప్పుడు చీపురు దానికి తగిలితే చాలు, ఒళ్లు జలదరించేది. అలాంటిదాన్ని మా అమ్మాయి వచ్చీ రాగానే బర్రున బయటికి లాగి నా ముందు పడేసింది.

"మూడు రోజులు సముద్రం ఒడ్డున. నువ్వూ నేనూ నీ అల్లుడూ. రానన్నావంటే ఎత్తుకెళ్తా," అంది.

"దీన్నే తీసుకెళ్లాలా? ఇంట్లో సంచులు లేవా?"

"తెరువమ్మా. ఇంకెన్నాళ్లు?"

తెరిచాను. పైనే ఆయన చొక్కా ఉంది, నీలం గీతలది. ఆ రోజు పొద్దున నేను ఇస్త్రీ చేసి పెట్టిన మడత చెక్కుచెదరలేదు. చేత్తో తడిమితే వెచ్చగా తగిలింది. రెండేళ్ల నాటి చొక్కా వెచ్చగా ఉండడమేమిటని నన్ను నేనే కసురుకున్నాను. అయినా వెచ్చగానే ఉంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. లిఫ్టు తిరిగే గొయ్యిలోకి ఇద్దరు ముగ్గురు దిగి పనిచేస్తుంటారు. పని అయ్యాక కరెంటు వేసే ముందు, స్విచ్చు దగ్గరున్నవాడు "లోపల ఎవరు?" అని అరవాలి. ఒక్కొక్కడూ తన నోటితో "నేను బయటే ఉన్నా" అనాలి. ఒకడి తరఫున ఇంకొకడు చెబితే కుదరదు. అందరి గొంతులూ వినపడేదాకా, సాయంత్రమైనా సరే, స్విచ్చు మీద చెయ్యి వెయ్యకూడదు.

ఆ పద్ధతిని మా ఆయన ఇంటికి కూడా పట్టుకొచ్చారు. ఊరికి వెళ్తున్నామంటే బీరువా తలుపు లోపల అంటించిన చీటీ తీసి, గుమ్మం బయట నిలబడి ఒక్కొక్కటే చదివేవారు. "గ్యాసు?" "ఆపాను." "గీజరు?" "ఆపాను." నేను లోపల తిరుగుతూ, ఒక్కోదాని మీదా చెయ్యి పెట్టి జవాబు చెప్పాలి. "చెయ్యి పెట్టకుండా చెప్పేది చెప్పడం కాదోయ్, కూయడం," అనేవారు. మొత్తం పన్నెండు. చివరిది ఇస్త్రీ పెట్టె. అదీ అయ్యాక ఆయన "లోపల ఎవరు?" అని అరిచేవారు. నేను చెప్పులు వేసుకుని ఆయన పక్కనే నిలబడి, "నేను బయటే ఉన్నాను మహాప్రభో, తాళం వెయ్యండి," అనేదాన్ని. ఎదురింటి టీచరమ్మ ఈ తతంగమంతా చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

రెండేళ్ల కిందట ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయి ఉంది. సర్దుడంతా నా నెత్తినే పడింది. సూట్‌కేసు జిప్పు పట్టక దాని మీద కూర్చుని కుస్తీ పడుతుంటే, ఈయన తీరిగ్గా గుమ్మంలోంచి చీటీ చదువుతున్నారు. నేను కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఆపాను, ఆపాను, వేశాను, కట్టాను అంటూ నోటికొచ్చినట్టు అప్పజెప్పేశాను. "ఇస్త్రీ పెట్టె?" "ఆపాను!"

బస్టాండులో సామాను దించాక అనుమానం వచ్చింది. పొద్దున చొక్కా ఇస్త్రీ చేశాక స్విచ్చు నొక్కానో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆయనకు చెప్పేశాను.

"చెయ్యి పెట్టలేదా?" అన్నారాయన.

"లేదు."

తిడితే బాగుండేది. తిట్టలేదు. "సామాను చూస్తూ ఉండు, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా," అని గబగబా వెళ్లారు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. తర్వాత ఫోను వచ్చింది.

రెండో అంతస్తుకీ మేముండే మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మీద పడిపోయారట. గుండె. గుప్పిట్లో ఇంటి తాళంచెవులు. ఎవరూ చూడలేదు కాబట్టి ఎక్కుతూ పడ్డారో దిగుతూ పడ్డారో ఎవరూ చెప్పలేకపోయారు. మా అమ్మాయి వెనక గదిలోకి తొంగిచూసి, "ఆపే ఉందమ్మా, కంగారుపడకు," అని చెప్పి, వచ్చిపోయేవాళ్లకు కనపడకుండా ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కప్పేసింది. ఆ దుప్పటి ఈ రెండేళ్లలో తీయలేదు. బట్టలు బయట ఇస్త్రీకి ఇస్తున్నాను. ఆ మెట్లూ ఎక్కడం మానేశాను, లిఫ్టులోనే రాకపోకలు.

లోకం దృష్టిలో నేను భర్త పోయిన మనిషిని, అంతే. నా లోపల నమిలేస్తున్న మాట వేరు. ఎక్కుతూ పడిపోయి ఉంటే, ఇల్లు అంటుకుపోతోందన్న భయంతోనే ఆయన ప్రాణం పోయింది. ఆ భయం నేను పెట్టింది. దిగుతూ పడి ఉంటే, కనీసం నిశ్చింతగా పోయారు. ఎక్కుతూనా, దిగుతూనా? నేను పనిచేసే లైబ్రరీలో పుస్తకాల మీద ముద్రలు వేస్తూ ఇదే. అన్నం కలుపుకుంటూ ఇదే.

ఆయన చొక్కా తీసి బీరువాలో పెట్టి, నా నాలుగు చీరలూ మందుల డబ్బా సూట్‌కేసులో సర్దాను. పాలవాడికీ పేపరువాడికీ చెప్పాం. కుండీలకు నీళ్లు పోయమని టీచరమ్మను బతిమాలాం. ఫ్రిజ్ ఖాళీ చేశాం. మిగిలిందల్లా చీటీ.

"నేను చదువుతానమ్మా, నాన్నలాగా. నువ్వు లోపల్నుంచి చెప్పు," అంది మా అమ్మాయి. దాని కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. కాదనలేకపోయాను.

అది గుమ్మం బయట నిలబడింది. నేను వంటింట్లోకి వెళ్లాను.

"గ్యాసు?"

చెయ్యి పెట్టాను. "ఆపాను."

"గీజరు?"

ఈసారి ఒక్కటీ వదల్లేదు. కుళాయి తర్వాత కుళాయి, గడియ తర్వాత గడియ, అన్నిటి మీదా చెయ్యి పెట్టి మరీ చెప్పాను. పదకొండూ అయ్యేసరికి వెనక గది ముందుకు వచ్చి నిలబడ్డాను. తలుపు ఓరగా వేసి ఉంది.

"ఇస్త్రీ పెట్టె?"

నాకు నోరు పెగల్లేదు. గడప దాటడానికి కాలు రాలేదు.

"ఆపాను!"

ఆ మాట గదిలోంచి వచ్చింది. ఆ గొంతు నాదే. విసురుగా, జిప్పుతో కుస్తీ పడుతూ రొప్పుతున్నట్టుగా, చివర్న కాస్త ఒంటికాలి మీద లేస్తూ. ఆ రోజు నేను ఎలా అన్నానో అచ్చం అలాగే.

"అబ్బ, అయిపోయింది. అంత గట్టిగా అరవాలా?" అని మా అమ్మాయి చీటీ మడిచింది. "కింద నీ అల్లుడు కారు అడ్డంగా పెట్టారు, వాచ్‌మన్ గోల చేస్తున్నాడు. సూట్‌కేసు నేను పట్టుకెళ్తున్నా. తాళం వేసుకుని వచ్చెయ్."

దానికి వినపడింది. అంటే నా భ్రమ కాదు. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, అది కిందికి జారుతున్న చప్పుడు విన్నాను. తర్వాత ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

భయం వేసింది. అబద్ధమెందుకు, చెమటలు పట్టాయి. దెయ్యాల కథలు చెప్పేవాళ్లను లైబ్రరీలో నేనే ఆటపట్టిస్తాను. కానీ ఇక్కడున్నది పరాయి దెయ్యం కాదు. నేను ఆడిన అబద్ధం నా ఇంట్లోనే, నా గొంతుతోనే, రెండేళ్లుగా తిండీ నీళ్లూ లేకుండా కాపురం చేస్తోంది. దాన్ని లోపల పెట్టి తాళం వేసి సముద్రానికి పోతే, తిరిగి వచ్చేసరికి అది ఇల్లంతా ఆక్రమించుకుని కూర్చుంటుందనిపించింది. భయం మీద కోపం వచ్చింది. ఆ కోపంలోనే తలుపు తోశాను.

గదిలో ఎవరూ లేరు. బల్ల, దాని మీద దుప్పటి, దుప్పటి మీద దుమ్ము. ఒక కొస పట్టుకుని లాగేశాను.

ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఉంది. తీగ ఎనిమిది అంకెలా చుట్టి ఉంది, ప్లగ్గు ఆఖరి చుట్టులోకి దోపి ఉంది.

దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను. నేను ఈ జన్మలో ప్లగ్గు పీకి ఎరగను. స్విచ్చు నొక్కి, తీగను వేలాడుతూ వదిలేసే రకాన్ని. అందుకు ఎన్ని చివాట్లు తిన్నానో లెక్కలేదు. మా ఇంట్లో తీగను అలా చుట్టే చేతులు రెండే, ఆయనవి. లిఫ్టు కేబుళ్లు మెలిపడకుండా చుట్టీ చుట్టీ, ఇంట్లో తాడు కనపడినా అలాగే చుట్టేవారు.

ఫోను మోగింది. "అమ్మా, ఎంతసేపు?"

"ఆ రోజు నువ్వు ఈ ఇస్త్రీ పెట్టెను ముట్టుకున్నావా?"

"ఇప్పుడదెందుకు? లేదు. చూశాను, దుప్పటి కప్పానంతే. ఎవర్నీ ఆ గదిలోకి పోనివ్వలేదు కూడా. ఏమైందమ్మా?"

"వస్తున్నా," అని పెట్టేశాను.

ఆయన వచ్చారు. ఈ గదిలోకి వచ్చారు. చెయ్యి పెట్టి చూశారు, ప్లగ్గు పీకారు, తొందరేమీ లేనట్టు తీగ చుట్టారు, తాళం వేసి దిగారు. పెట్టె అప్పటికి మండుతోందో చల్లారి ఉందో నాకు ఎప్పటికీ తెలియదు. కానీ దిగుతూనే. నా దగ్గరికి వస్తూనే. ఏడుపు తన్నుకొచ్చింది. ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి ఆనించి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. అది చల్లగా ఉంది.

ఏడుపు ఆగాక కూడా కదలబుద్ధి కాలేదు. ఆయన చివరిసారి తాకిన వస్తువు ఇది. దీన్ని వదిలి ఏ సముద్రం చూడాలి? దుప్పటి మళ్లీ కప్పి, అమ్మాయికి తలనొప్పని చెప్పి, ఇక్కడే ఉండిపోతే ఏం? బల్ల పక్కన స్టూలు ఉంది. కూర్చోబోయాను.

"లోపల ఎవరు?"

మెట్ల వైపు నుంచి వచ్చింది. ఒక అరంతస్తు కింద నుంచి. ఆ గొంతు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండేళ్లుగా ఆయన లోపల ఉండిపోయారని, ఇంటిని ఒంటరిగా వదలకూడదని కాపలా కాస్తూ వచ్చాను. లోపల ఉండిపోయింది నేను. ఆయన నా జవాబు వినపడేదాకా స్విచ్చు ముట్టుకోకుండా మెట్ల మీద ఎదురుచూస్తున్నారు.

"నేనేనండీ," అన్నాను. "ఇంకా లోపలే ఉన్నాను. ఒక్క నిమిషం."

మళ్లీ పిలవలేదు. ఆయన అంతే, తొందరపెట్టరు.

చేతిసంచి తీసుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. తలుపు దగ్గరికి లాగి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూశాను. తాళం మీద చెయ్యి ఉంచే చెప్పాను, "నేను బయటే ఉన్నాను."

కింద మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. టీచరమ్మ తలుపు తీసి తొంగిచూసింది. ఈసారి నవ్వలేదు. లిఫ్టు మా అంతస్తులోకే వచ్చి ఆగి ఉంది, ఎవరు పంపారో తెలియదు. దాన్ని దాటి మెట్ల వైపు నడిచాను.

ఒక్కో మెట్టూ రెయిలింగు పట్టుకుని దిగాను. మలుపులో, ఆయన పడిపోయిన చోట, గోడ మీద కిటికీ వెలుగు పడుతోంది. ఎవరూ లేరు. ఆ గోడ మీద చెయ్యి పెట్టాను.

"ఇస్త్రీ పెట్టె ఆపి ఉందండీ," అన్నాను. "చెయ్యి పెట్టే చెబుతున్నాను."