పరాయి చీరల నూగు

నేను ఒక ఏసీ డక్టును. చల్లగాలిని గదిగదికీ మోసుకెళ్ళే రేకు గొట్టాన్ని. ఈ ఇంటి మనిషిగా లెక్క వేసుకుంటే పాండురంగారావు గారు నాకు తండ్రి వరస. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు రాని పని లేదు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆ వచ్చిన పనులన్నీ ఇంటి మీద పడ్డాయి. లోపలికి తెరుచుకునే వీధిగేటు ఆయన బాగుచేశాక బయటికి మాత్రమే తెరుచుకుంటోంది. అదే దాని అసలు పద్ధతి అంటారాయన.

నాకు ఇది రెండో కాపురం. పుట్టింది ఈ తెనాలిలోనే, ఒక రేకుల షెడ్డులో. మేస్త్రి నన్ను కొలిచి, కత్తిరించి, మడిచి, సుత్తితో కొట్టి ఒక రూపానికి తెచ్చాడు. అక్కడినుంచి మెయిన్ రోడ్డు మీది చీరల కొట్టుకు వెళ్ళాను. పదకొండేళ్ళు ఆ కొట్టు కప్పులో పడుకుని కింద జరిగేదంతా విన్నాను. నలభై చీరలు విప్పించి, "ఇలాంటిదే, ఇది కాకుండా చూపించండి" అనే ఆడవాళ్ళు. వాళ్ళ వెనక స్టూళ్ళ మీద కునికే మగవాళ్ళు. చీర దులిపినప్పుడల్లా సన్నటి నూగు లేస్తుంది. అది గాలితోపాటు నాలోకి వచ్చి, నా గోడలకు అంటుకుని అక్కడే స్థిరపడింది. నన్ను కడగాలని ఎవరికీ తోచలేదు. కంటికి కనపడనిది శుభ్రంగానే ఉంటుందని మనుషులకు గట్టి నమ్మకం.

ఆ కొట్టు కూల్చేటప్పుడు పాత సామాను వాళ్ళ దగ్గర పాండురంగారావు గారు నన్ను కొన్నారు. హాల్లోనూ రెండు పడగ్గదుల్లోనూ ఫాల్స్ సీలింగ్ పైన స్వయంగా బిగించారు. బిగించే ముందు డాబా మీద నన్ను పరిచి టేబుల్ ఫ్యాను పెట్టారు. అదే నా స్నానం.

"ఒకసారి ఆ పని తెలిసినవాళ్ళ చేత కడిగిస్తే బాగుంటుందేమోనండీ," అన్నారు ఆయన భార్య నాగరత్నం గారు.

"గాలి పోయే గొట్టానికి కడగడమేంటి? దాన్ని గాలే శుభ్రం చేస్తుంది."

రేకుకు సిగ్గుపడటం రాదు గానీ, వస్తే ఆ రోజు పడేదాన్ని.

ఈ వేసవికి ముందు వాళ్ళ అమ్మాయి హిమజ పురిటికి వచ్చింది. మనవరాలు పుట్టింది. ఎండలు ముదిరి ఏసీ వేసిన వారానికే పాపకు ముక్కు దిబ్బడ, దగ్గు. డాక్టరు గారు మందు రాసి, పొగనూ దుమ్మునూ పాప దగ్గరికి రానీయవద్దని చెప్పారు. పాండురంగారావు గారు మొదటి మాట విని ఇంటికి వచ్చేశారు.

పొగ అంటే ఆ ఇంట్లో సాంబ్రాణి. పాపకు నీళ్ళు పోశాక రోజూ నాగరత్నం గారు వేసేది.

"విన్నావుగా? ఇవాళ్టినుంచి సాంబ్రాణి బంద్."

"దుమ్ము అని కూడా అన్నారు కదండీ."

"దుమ్మెక్కడిది ఈ ఇంట్లో? రోజుకు రెండుసార్లు ఊడ్చేది నువ్వేగా!"

పొగిడినట్టే పొగిడి నోరు మూయించడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. సాంబ్రాణి మానేశారు. దగ్గు మానలేదు. ఇంతలో ఒంగోలు నుంచి వియ్యపురాలు ఫోన్ చేశారు. పాండురంగారావు గారు ఎప్పటిలాగే స్పీకరు పెట్టి, ఇల్లంతా వినేలా చెప్పారు: "ఏముందండీ చెల్లెమ్మగారూ, మా ఆవిడ సాంబ్రాణి మహిమ!"

"అయ్యో, పసిదానికి పొగా! అయితే అయిదో నెల దాకా ఎందుకన్నయ్యగారూ? ఈ ఆదివారం మేమే వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకెళ్తాం."

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. ఇంకా మూడు నెలలు ఉంటుందనుకున్న పాప ఆరు రోజుల్లో వెళ్ళిపోతుంది. అదీ అమ్మమ్మ వల్ల జబ్బు చేసిందన్న పేరుతో. నాగరత్నం గారు ఆరిన పాప బట్టలు తెచ్చి, మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టారు.

కారణం తాను కాదని అంత తేలిగ్గా తేల్చేసిన మనిషి, ఎందుకో మర్నాడే ఫోన్లో మూడు వీడియోలు చూసి నిచ్చెన ఎక్కారు. బూజుకర్రకు పాత బనీను కట్టి నా నోట్లో పొడిచారు. కర్ర మొదటి వంపు దగ్గరే ఆగిపోయింది. వంపు అవతల ఉన్నదాన్నంతా ఆయన ఆత్మవిశ్వాసమే శుభ్రం చేసింది.

ఆ పొడుపులకు పదకొండేళ్ళ నూగు కదిలింది. సాయంత్రం ఏసీ వేయగానే నేను తుమ్మాను. ఎంత ఆపుకుందామన్నా నా వల్ల కాలేదు.

పొద్దున్నే ఉయ్యాల దుప్పటి దులపబోయిన నాగరత్నం గారి వేలికి చిన్న పోగు అంటుకుంది. రాణీ రంగు నూగు, అందులో ఒక జరీ తునక. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు.

"హిమా, ఈ రంగు చీర నీకుందా?"

"లేదమ్మా."

"నాకూ లేదు. రాణీ రంగు నాకు నప్పదని పెళ్ళయిన వారానికే మీ నాన్న తేల్చేశారు."

ఇంట్లో ఉన్న చీరలన్నీ అంచుతో సహా తెలిసిన మనిషి, ఆ ఇంట్లో లేని చీరను పట్టుకున్నారు. తల పైకెత్తి నా నోటికున్న జాలీ వైపు చూశారు. పాపను పక్కింటికి పంపి, ఏసీ ఆపేసి, భర్త వాకింగ్‌లో ఉండగా జిలానీకి ఫోన్ చేశారు. అతని పనే డక్టులు కడగడం.

పాండురంగారావు గారు తిరిగొచ్చేసరికి నిచ్చెన మీద జిలానీ ఉన్నాడు.

"ఇతన్నెవరు పిలిచారు?"

"నేనేనండీ. మీరు కడిగింది బాగుందో లేదో పరీక్ష పెట్టిస్తున్నా."

జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషి పరీక్షకు కాదనలేరు. జిలానీ తీగ చివరనున్న కెమెరాను నాలోకి తోశాడు. అతని చేతిలోని తెర మీద నా లోపలిని నేనే మొదటిసారి చూసుకున్నాను. పచ్చ, పసుపు, రాణీ రంగు నూగు దట్టంగా, పరుపు పరిచినట్టు ఉంది.

"సార్, ఇది ఇంటి డక్టేనా? బిగించేముందు కడిగించారా?"

"ఫ్యాను పెట్టాను."

జిలానీ మర్యాదస్తుడు. నవ్వకుండా మాట మార్చాడు. "జాయింట్లు ఎవరు వేశారు సార్? ఒక్కచోట కూడా గాలి బయటికి పోవట్లేదు."

"నేనే!"

"చాలా గట్టిగా వేశారు సార్. అందుకే ఉన్నదంతా లోపలే ఉంది."

మోటారుకు బిగించిన గుండ్రటి బ్రష్షూ, ఏనుగు తొండమంత పీల్చుడు గొట్టమూ పెట్టి అతను మధ్యాహ్నం దాకా నన్ను రుద్దాడు. వెళ్ళేటప్పుడు, "జాలీలూ ఫిల్టరూ నెలకోసారి మీరే కడుక్కోండి సార్, దానికి నన్ను పిలవక్కర్లేదు. వంపు దాటాక మాత్రం కర్ర పెట్టకండి," అన్నాడు. నూగుతో నిండిన సంచీ చూపించి, "పారేయనా అమ్మా?" అని అడిగాడు.

"ఉంచు నాయనా," అన్నారు నాగరత్నం గారు.

ఆ సంచీ భర్త కుర్చీ పక్కన వెలిసింది. ఆయన వరండాలో పెట్టి వస్తే, కాఫీ తాగేలోపు మళ్ళీ అక్కడే ఉంది.

శుక్రవారానికి పాప ముక్కు తెరుచుకుంది, దగ్గు తగ్గింది. ఘనతంతా నాదే అనను. మందు కూడా పనిచేసే ఉంటుంది. "సాంబ్రాణి కూడా కొంత కారణమేమో. నేను కాదనను," అని కూతురితో అన్నారు నాగరత్నం గారు. పక్కగదిలో పేపరు చదువుతున్న పాండురంగారావు గారు ఆ తర్వాత చాలాసేపు పేజీ తిప్పలేదు.

శనివారం పొద్దున హిమజ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒంగోలుకు ఫోన్ కలిపారు. స్పీకరు పెట్టారు.

"చెల్లెమ్మగారూ, రేపటి ప్రయాణం మానుకోండి. పాపకు తగ్గింది." క్లాసు మొదలుపెట్టే ముందులా గొంతు సవరించుకున్నారు. వంటింటి గుమ్మంలోకి నాగరత్నం గారు గరిటెతో సహా వచ్చారు. "ఆ రోజు నేను మా ఆవిడ మీద చెప్పింది సగమే. డాక్టరు దుమ్మని కూడా అన్నారు. ఆ దుమ్ము నేను తెచ్చి బిగించిన డక్టులో ఉంది. కడిగించమని మా ఆవిడ మొదట్లోనే చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాదండీ."

"పాప బాగుంటే అంతే చాలు. అయిదో నెలలోనే వస్తాంలెండి. మధ్యలో మాట తెగింది అన్నయ్యగారూ, తప్పు ఎవరిదన్నారు?"

పాండురంగారావు గారు భార్య వైపు చూశారు. ఆమె కదల్లేదు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నాదండీ!" అన్నారు గట్టిగా. "తప్పు నాది!"