పక్క సీటు మనిషి

మా ఆయన ఇమ్మాన్యుయేల్‌ని యూరప్ టూరు గురించి అడిగితే చాలు, ఇక ఆగడు. ఆ ఆదివారం మేముండే బాతెల్ ఊళ్లో మా తెలుగు చర్చి ఆరాధన అయ్యాక, భోజనాల హాల్లో జోసఫ్ అడగనే అడిగాడు. జోసఫ్ కుటుంబం జూన్‌లో అదే బస్సు టూరుకి వెళ్తోంది.

“చూడు బ్రదర్, బాత్రూముకి కూడా చిల్లర అడుగుతారు, కాయిన్స్ జేబులో ఉంచుకో. ఆవకాయ చెకిన్ బ్యాగ్‌లో, రెండు కవర్లు చుట్టి పెట్టు. సీట్లు రోజూ రొటేట్ చేస్తారు, ఫస్ట్ రో మనదే అనుకోకు.”

నేను పులిహోర వడ్డిస్తూ వింటున్నాను. ఆ సలహాల కోసం కాదు, ఆ తర్వాత వచ్చే కథ కోసం. ఆస్ట్రియాలో హైవే పక్కన ఒక పెట్రోల్ బంకు దగ్గర నన్ను వదిలేసి బస్సు వెళ్లిపోయిన కథ. ఈ మూడు నెలల్లో మా ఆయన అది చెప్పగా నాలుగుసార్లు విన్నాను. ప్రతిసారీ ఏదో ఒకటి మారింది.

ఆ టూరులో గైడు తలలు లెక్కపెట్టదు. “మీ పక్క సీటు మనిషి వచ్చారా?” అని మైకులో అడుగుతుంది. వస్తే మనం చెయ్యి ఎత్తాలి. నా పక్క సీటు మా ఆయనదే. అంటే నేను లేకుండానే చెయ్యి ఎత్తాడు.

నా అనుమానం ఒక్కటే, కావాలనే ఎత్తాడా అని. ఆ పొద్దున్నే అన్నాడు, “ఇంకోసారి లేట్ చేశావంటే వదిలేసి పోతాం” అని. సరదాకి అన్నట్టే ఉంది గానీ నవ్వలేదు. నాకు బుద్ధి చెప్పాలనుకున్నాడేమో. నిలదీసి అడగలేదు. అవునంటే ఏం చేయాలో నాకు తెలియదు.

మా అమ్మాయి ఆద్యకి ఫోన్‌లో మొదటిసారి చెప్పినప్పుడు, “మీ అమ్మ శాలువా సీట్లో ఉంది, కప్పుకుని పడుకుందనుకున్నా” అన్నాడు. సీట్లో ఉన్నది నా ఫోను. శాలువా నా ఒంటి మీదే ఉంది, దాన్ని చుట్టుకునే యాభై నిమిషాలు వణికాను. ఇంకోసారి, నేను వెనక సీటు వాళ్లతో కబుర్లు చెబుతున్నాననుకున్నాడట. మరోసారి తప్పంతా గైడుదే. మారనిది ఒక్కటే. దాహమేసి, నా బ్యాగ్‌లో ఉన్న నీళ్ల సీసా కోసం చెయ్యి చాపితే అప్పుడు తెలిసిందట, నేను లేనని.

ఈసారి కథ ఆ నీళ్ల సీసా దాకా రాగానే లూసీ ఆంటీ కల్పించుకుంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యి కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. జవాబు దాటేస్తే ఊరుకోదు.

“అది సరే బాబూ. చెయ్యి ఎత్తేముందు పక్కకి చూశావా, లేదా?”

మా ఆయన నవ్వాడు. “చూసే ఉంటా ఆంటీ. జెన్నీ ఎక్కడికి పోతుంది?”

అందరూ నవ్వారు. ఆంటీ మాత్రం నా వైపు చూసింది. ‘చూసే ఉంటా’ అన్న మాట ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

భోజనాలయ్యాక బయట సన్నగా వాన. మా ఆయన ముందే కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేసి, బ్లూటూత్‌లో ఆద్యతో మాట్లాడుతున్నాడు. నేను వెనక తలుపు తీసి, పులిహోర ట్రే సీటు మీద పెట్టి, తలుపు వేశాను. ముందు తలుపు వైపు రెండడుగులు వేశాను.

కారు కదిలింది.

అరవచ్చు, చెయ్యి ఊపొచ్చు. నేను ఏదీ చేయలేదు. ఇన్నాళ్లూ తప్పు అనుమానం పెట్టుకున్నాను. కావాలనే వదిలేసే మనిషైతే ముందు ఒక్కసారైనా పక్కకి చూస్తాడు. మా ఆయనకి తలుపు చప్పుడైతే చాలు, నేను ఎక్కినట్టే. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

లూసీ ఆంటీ వచ్చి నా మీదకి గొడుగు పట్టింది. “ఆగుతాడులే అమ్మా” అంది.

ఆగాడు. చర్చి గేటు బయట స్టాప్ సైన్ దగ్గర, అందరూ ఆగే చోటే ఆగాడు. తర్వాత సిగ్నల్ వేసి, ఎడమకి తిరిగి వెళ్లిపోయాడు.